మస్తాన్, మన కారుకి కార్బరేటర్ దొరికింది

ఒరేయ్ మస్తాన్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చదవవని తెలిసీ రాస్తున్నాను, ఈ మాట నీకు చెప్పకుండా ఉండలేక. నా పాత అంబాసిడర్‌కి అసలైన కార్బరేటర్ దొరికింది.

ఉన్నది పగిలిననాడు నువ్వు డూప్లికేట్ వెయ్యనన్నావు. వెతుకుతూ వెతుకుతూ నువ్వే వెళ్లిపోయావు. ఇప్పుడు నీ మెకానిక్ షెడ్డు నడుపుతున్న మీ అమ్మాయి రెహానా కూడా ససేమిరా అంది. గుంటూరులో ఓ దుకాణదారు కొత్తది చూపించి, "రెండూ ఒకటేనమ్మా, తీసుకెళ్లు" అన్నాడు. తను దాన్ని తిప్పి, మీదున్న నంబరు చూసి, "కాదండీ" అని తిరిగిచ్చేసింది.

చివరికి చిలకలూరిపేటలో, మూతపడ్డ జిన్నింగు మిల్లు వెనక దూది పట్టిన కారొకటి కనిపించింది. ఓనరు ఇప్పుకోమన్నాడు. నంబరు సరిపోగానే, "బాబాయ్, ఇదే!" అని రెహానా అరిచిన అరుపు నువ్వు వినాల్సింది.

నిన్న పొద్దున మీ వాకిట్లోనే బిగించింది. మూడోసారికి ఇంజను అందుకుంది. కళ్లు మూసుకుని, చెవి దగ్గరగా పెట్టి, స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ చప్పుడు సరిచేసింది. అచ్చం నువ్వే. నేను పక్కకు తిరిగి నిలబడ్డాను.

ఆ చప్పుడికి వంటింట్లోంచి మీ ఆవిడ, ఫాతిమా చెల్లెమ్మ, ఎప్పుడూ నిన్ను పిలిచినట్టే కేకేసింది. "ఏమండీ, టీ పెట్టమంటారా?"

ఆ వెంటనే లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

రెహానా స్పానరు కింద పెట్టింది.

"పెట్టమ్మా," అంది. "నాన్న గ్లాసులో పొయ్యి. నేను తాగుతా."