సుగుణక్కను అడుగరాని మాట

ఆదివారం, కాగజ్‌నగర్

ఇయ్యాల చర్చి అయినంక గేటు కాడ సుగుణక్క కనవడ్డది. "అన్న రాలేదా అక్కా?" అని నవ్వుకుంట అడిగిన. అన్న, అంటె అక్క పెనిమిటి, పోయిన నెలనే చనిపోయిండు. మట్టి చేసేటప్పుడు నేను అక్క పక్కనే నిలవడ్డ. అక్క మొఖం చూసినంకనే అదంత యాదికొచ్చింది.

ఫిట్స్ మొదలైన కాన్నుంచి నా యాది గిట్లనే జారిపోతున్నది. ఆదిలాబాద్ దవాఖానల డాక్టర్ మేడం చెప్పనే చెప్పింది. "ముఖ్యమైన ముచ్చట్లు ఫోన్ల రాసుకో. మనుషులను కలిసే ముందు ఒకసారి చూసుకో. దాంట్ల సిగ్గేంది?" అన్నది. రాసుకున్న. కానీ పది మంది ముంగట ఫోన్ తీసి చూస్తె, ఈమెకు మతి లేదనుకుంటరని తియ్యలే. నా ఇజ్జత్ చూసుకొని అక్క పుండు మీద కారం చల్లిన.

"ఏమనుకోకక్కా, మర్చిపోయిన" అంటె అక్క నా చెయ్యి పట్టుకున్నది. "ఆయన పేరు ఎత్తెతందుకే అందరు భయపడుతుండ్రు. నువ్వన్న అడిగినవ్" అని ఏడ్చింది. మళ్ల నా కండ్లు తనే తుడిచింది. ఓదార్చాల్సింది నేను గదా...

వచ్చే ఆదివారం అందరి ముంగట్నే ఫోన్ తీస్త. తియ్యాలె. చెయ్యి వస్తదో, రాదో...