కర్పూరం ఆరేదాకా

ఏళుమలై అన్నకు, చెల్లెలు రాసేది.

మా ఆయన చెంజిలో ఇంకొకామెతో కాపురం పెట్టాడని, ఇక అతనితో వీధి నాటకం ఆడనని మేళం మానేశావట. మానకు అన్నా. నీలాంటి ద్రౌపది వాళ్ళకి దొరకదు.

దుశ్శాసనుడి వేషంలో ఆయన నీ చీర పట్టుకునే ముందు ఆట ఆపి, కర్పూరం వెలిగించి, "తప్పు కాయి తల్లీ" అని మొక్కుతాడు కదా. నువ్వు తల ఊపితేనే ముట్టుకుంటాడు. మీసం తీసి చీర కట్టిన నీకైతే అంత భక్తి! నన్ను వదిలేసిన పొద్దున చొక్కా ఇస్త్రీ చెయ్యమన్నాడు. చేసిచ్చాను. తొడుక్కుని పోయాడు.

శుక్రవారం ఆటకి వెళ్ళు. ఆయన మొక్కినప్పుడు వెంటనే తల ఊపకు. కర్పూరం ఆరేదాకా అలాగే నిలబడనీ, ఊరంతా చూడనీ.

తర్వాత ఊపెయ్యి అన్నా. ఆట ఆగకూడదు.