కువైట్‌కు పంపిన ఫొటో

ప్రొద్దుటూరు, మంగళవారం

కాపర్-టీ ఉండగానే కడుపు వచ్చింది. అరుదుగా ఇలా జరుగుతుందట. స్కానింగులో పిండం గర్భసంచిలోనే ఉంది. కాపర్-టీ దారం అందుతోంది కాబట్టి దాన్ని ఇప్పుడే తీసేయడం మేలని, వదిలేస్తే ప్రమాదం ఎక్కువని చెప్పి డాక్టరమ్మ తీసేసింది. తీసినా కడుపు నిలవొచ్చు, నిలవకపోవచ్చు అంది.

దాన్ని మా అత్త పారేయనివ్వలేదు. చంటోడు పుట్టాక దగ్గరుండి వేయించింది ఆమే. కానీ కొడుకు సెలవు ముగించుకుని కువైట్‌కు వెళ్లిపోయాక నాకు నెల తప్పిందని తెలిసినప్పటి నుంచి ఒకటే మాట. "లోపల అది ఉంటే కడుపెట్లా వస్తాదే? వాడు పోయినాక తీయించుకున్నావనే అంటారు, ఊర్లో ఎవురన్నా నమ్ముతారా?"

నర్సు వింతగా చూస్తూ కాగితంలో చుట్టి ఇచ్చింది. ఇంటికి రాగానే అత్త దాన్ని పళ్లెంలో పెట్టి, ఫొటో తీసి కొడుకుకు పంపమంది. అది ఇన్నాళ్లూ లోపలే ఉందనడానికి సాక్ష్యమట! సిగ్గుతో చచ్చిపోయాను. అయినా పంపాను.

కాసేపటికి ఆయన ఫోన్ చేశాడు. నొప్పిగా ఉందా అని అడగలేదు. "అది నీ లోపల్నించే తీసినారని ఏం గ్యారంటీ?" అన్నాడు. సెలవంతా నా పక్కనే కదా పడుకున్నావు అని అరవాలనిపించింది. అత్త వింటోంది. ఫోన్ పెట్టేశాను.

పొత్తికడుపులో సన్నగా నొప్పి మొదలైంది. రక్తం కనిపిస్తే వెంటనే రమ్మంది డాక్టరమ్మ. సాయంత్రం నుంచి మాటిమాటికీ బాత్‌రూముకు వెళ్లి చూసుకుంటున్నాను. కనిపించకూడదని దండం పెట్టుకోబోయి ఆగిపోయాను.

నిలిస్తే, రేపు ఆ బిడ్డ ఫొటో కూడా ఆయనకే పంపాలి.