పాతది పగలగొట్టాలి

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఓడ మీద ఒళ్లు జాగ్రత్తగా చూసుకుంటున్నావని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం క్షేమం అని రాయడం ఆనవాయితీ కనక రాస్తున్నాను. నమ్మకు.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను, ఓపిక పట్టు. కొత్త కుట్టుమిషను పంపనా అన్నావు. వద్దురా బాబూ. అమ్మ తొక్కిన మిషన్నే ఇంకా గడగడలాడిస్తున్నాను. బెల్టు తెగితే బెల్టు మారుస్తాను, సూది విరిగితే సూది మారుస్తాను. అంతేగానీ, "మీ మిషను పాతదైపోయింది, రేపట్నుంచి గుడ్డ కుట్టదు" అని నాకు చెప్పే మగాడు ఇంకా పుట్టలేదు. పుడితే నా చేతిలో కత్తెరుంది.

నవ్వుకున్నావు కదూ? చాల్లే. ఇక బావ కొత్త కీబోర్డు ఎలా మోగుతోందని అడిగావు. అట్టపెట్టెలోనే ఉంది. టేపు కూడా విప్పలేదు.

బావ పనిచేసే బ్యాండు మాస్టారు నీకు తెలుసు. మా పెళ్లిలో నీ భుజం మీద చెయ్యేసి పాడాడే, ఆయనే. బ్యాండు మాట్లాడుకునే పార్టీలవాళ్లు కొత్త సౌండ్లు అడుగుతున్నారని ఏటా కీబోర్డు మార్పించేవాడు. డబ్బు మాత్రం మనదే. నా గొలుసు ఒక మోడల్లోకి పోయింది, గాజులు ఇంకో మోడల్లోకి పోయాయి. అదీ పోనీ అనుకో. బావ నెలల తరబడి కూర్చుని కట్టుకున్న సౌండ్లు పాతదాంతోనే పోయేవి. కొత్తదాని ముందు కూర్చుని ఏ బొత్తాం ఎక్కడుందో వెతుక్కుంటుంటే, నలభై దాటిన మనిషి మళ్లీ ఓనమాలు దిద్దుతున్నట్టుండేది. చూడలేక నేను వంటింట్లోకి పోయేదాన్ని.

షోరూమ్‌వాళ్ల పద్ధతి ఒకటుంది, నీకెప్పుడూ రాయలేదు. పాతది ఇస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు. కానీ వాళ్ల మనిషి ఇంటికొచ్చి, పాతదాన్ని మన కళ్లముందే సుత్తితో పగలగొట్టి ఫొటో తీసుకోవాలి. ఇంకెవరూ దాన్ని చవగ్గా కొనుక్కుని వాయించకూడదట! శుభ్రంగా మోగేదాన్ని! అలాంటి రోజున బావ చెవులు మూసుకుని వీధిలో నిలబడేవారు.

ఈసారి ఆయన వీధిలోకి పోలేదు. మేడ మీద గదిలో పాతదాన్ని నేలమీద పెట్టి, ప్లగ్గు కూడా తియ్యకుండా, దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. షోరూమ్ మనిషి, మాస్టారు నిలబడి ఉన్నారు. నేను గుమ్మంలో ఉన్నాను.

"ఒక్క ఏడాది ఆగండి మాస్టారూ. దీంట్లోవి కొత్తదాంట్లోకి ఎక్కవట, కనుక్కున్నాను."

"ఎక్కకపోతే మళ్లీ కట్టుకో. నువ్వు కాకపోతే ఇంకొకడు. కుర్రాళ్లు నా గుమ్మం దగ్గర క్యూ కట్టారు."

"ఇది పనిచేస్తోంది కదండీ," అంటూ బావ కుడిచెయ్యి మీటల మీద పెట్టి వాయించి చూపించారు. షోరూమ్ మనిషి సుత్తి దించేశాడు. "నావల్ల కాదు సార్," అన్నాడు పాపం.

"ఇలా తే! వీడి నాటకాలూ వీడూనూ!" అని మాస్టారు సుత్తి లాక్కున్నాడు. "చెయ్యి తియ్," అన్నాడు. బావ తియ్యలేదు. కొట్టడని అనుకున్నారేమో. నేనూ అలాగే అనుకున్నాను.

కొట్టాడు తమ్ముడూ. పచ్చికొమ్మ విరిచినట్టు చప్పుడైంది. చూపుడువేలు ఎముక బయటికొచ్చింది. చెయ్యి మీటల మీదే నలిగిపోయి ఉంటే, కింద నొక్కుకున్న స్వరం ఆగకుండా మోగుతూనే ఉంది. షోరూమ్ మనిషి చెప్పులు కూడా వదిలేసి మెట్లు దిగి పారిపోయాడు. మాస్టారు ఏం చేశాడో తెలుసా? సుత్తి పక్కన పడేసి, ఫోను తీసి, "ఫొటో అయినా తియ్యాలిగా, లేకపోతే తగ్గింపు పోతుంది," అని వంగాడు. ఆ నెత్తురుతోనే ఫొటో తీస్తున్నాడురా!

అప్పుడు బావ ఎడమచేత్తో సుత్తి అందుకుని, వెనకనుంచి మాస్టారి తల పగలగొట్టారు. అందుకే నువ్వు చేస్తే బావ ఫోను ఎత్తడం లేదు. జైల్లో ఉన్నారు. మాస్టారు బతికాడు గానీ మాట ఇంకా ముద్దగానే వస్తోంది.

ఇదీ పోలీసులు రాసుకున్నది. నీకూ ఇదే రాసి ఊరుకుందామనుకున్నాను. చెయ్యి సాగడం లేదు.

ఆ సుత్తి ఎత్తింది నేను. ఒక్క దెబ్బతో ఆగలేదు, పడ్డాక కూడా కొట్టాను. బావ ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకోకపోతే చంపేసేదాన్నే. అంత నొప్పిలోనూ ఆయన, "సుత్తి ఇలా ఇవ్వవే," అన్నారు.

"ఎందుకండీ?"

"ఈ చెయ్యి ఇక వాయించదు. జైల్లో కూర్చోడానికి వేళ్లెందుకు? నీ చేతులు బాగున్నాయి, నాలుగు గుడ్డలు కుట్టుకుంటావు. పనికిరానిదే పోనీ."

మాస్టారు వెనక్కి తిరగనేలేదు కనక ఎవరు కొట్టారో ఆయనకు తెలియదు. నేరం ఆయన తన మీద వేసుకుంటానంటే నేను భయపడి ఒప్పుకున్నానురా. కొట్టినందుకు నాకు సిగ్గులేదు. ఒప్పుకున్నందుకు చచ్చేంత సిగ్గుగా ఉంది.

నిన్న చూడ్డానికి వెళ్లాను. చొక్కా గుండీలు పక్కఖైదీ పెట్టాడట, వంకరగా ఉన్నాయి. "ఇక్కడ మోడల్ మార్చమని అడిగేవాడు లేడే," అని నవ్వారు. కట్టు మార్చే దిక్కులేక చెయ్యి చీము పట్టింది, వాసనొస్తోంది. ఇలాగే వదిలేస్తే మణికట్టు దాకా తీసేస్తారని అక్కడి నర్సు గుసగుసగా చెప్పింది. పనికిరానిదని ఆ చేతిని వదిలెయ్యడానికి నేను షోరూమ్ దాన్ని కాను. రేపు పొద్దున్నే స్టేషనుకు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పేస్తున్నాను. ఆయన అరుస్తారు. అరవనీ.

నువ్వు సెలవు పెట్టి రా. ముందు చేతికి మంచి డాక్టరును చూడు. అట్టపెట్టె షోరూమ్‌లో పడేసి రా. పాతదాన్ని మాత్రం కదపకు, ఎడమవైపు మీటలు ఇంకా మోగుతున్నాయి.

ఆయన చొక్కాలన్నిటికీ గుండీలు కోసేసి, ఒంటిచేత్తో అతికించుకునే పట్టీలు కుట్టాను. అన్నీ పాత చొక్కాలే, ఇస్త్రీ చేసి అరలో పెట్టాను. నువ్వు తొడగబోకు. ఆలస్యమైనా ఆయన్నే వేసుకోనీ.

ఇట్లు,
నోరూ చెయ్యీ రెండూ అదుపులో లేని
నీ అక్క