ఆంప్లిఫయర్ కూడా కొను

పెర్సిస్ తల్లీ,

డ్యూటీకి వెళ్తున్నాను. ఎలక్ట్రిక్ గిటార్ కొనడానికి కరోల్ బాగ్ వెళ్లేటప్పుడు పౌలురాజు అంకుల్‌ని వెంట తీసుకెళ్లు. చర్చిలో వాయించే మనిషి, ఆయనకి తెలుసు. రంగు చూసి మోజుపడకు. ఒళ్లో పెట్టుకుని చూడు, బరువనిపిస్తే వద్దను.

"ఆంప్లిఫయర్ వద్దంకుల్, హెడ్‌ఫోన్స్ చాలు. ఫిరంగుల మోతకి నాన్న చెవులు అసలే దెబ్బతిన్నాయి" అన్నావట. ఒక్కమాట నన్నడగొద్దా? ఆంప్లిఫయర్ కొను. మన క్వార్టర్‌కి చిన్నది చాలు. నా ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిది కూడా ఏడాదికి మించి పనిచెయ్యకపోవచ్చని నిన్న డాక్టరు చెప్పాడు. ఈలోగా నువ్వు తప్పులు వాయించినా సరే, నాకు వినబడాలి.

నాన్న

డాక్టరు మాట అమ్మకింకా తెలియదు. సాయంత్రం నేనే చెప్తాను. నువ్వు ముందే ముఖం వేలాడేసుకుని కూర్చోకు.