స్తుతి ప్రార్థన వద్దండి

కర్లపాలెం,
ఆగస్టు 1989

పాస్టరు అయ్యగారికి వందనాలు.

మండల ప్రెసిడెంటుగా ఉన్న మా ఆయనకు నిన్న బాపట్ల కోర్టులో బెయిలు వచ్చింది. అందుకని ఆదివారం గుడిలో స్తుతి ప్రార్థన పెట్టించాలని ఆయన మనుషులు మీ దగ్గరకు వస్తారు. దయచేసి ఒప్పుకోకండి. "మీరు ముందు వరసలో కూర్చోవాలి వదినగారూ" అని నాకు అప్పుడే చెప్పేశారు.

వెనక చాప మీద సారా కూర్చుని ఉంటుంది. ఎన్నికల్లో ఎదురు నిలబడ్డాడని మావాళ్లు కాలు విరగ్గొట్టిన యోబు భార్య. పోయిన శుక్రవారం స్త్రీల కూడికలో తను ఏడుస్తూ, "కొట్టించినవాణ్ణి వదిలిపెట్టకు ప్రభువా" అని ప్రార్థించింది. అందరితోపాటు నేనూ ఆమేన్ అన్నాను.

ఆ సంగతి ఆయన చెవిన పడింది. ఇంటికి రాగానే నిలదీస్తే, అలవాటుకొద్దీ నోట్లోంచి వచ్చేసిందన్నాను.

మీకు మాత్రం అబద్ధం రాయలేనండి.

మీ సంఘంలో ఒక స్త్రీ