ఏడో మనిషి గీత

కవిటి,
జూలై 2.

ప్రియమైన విశాలికి,

నీ బావ రాసేది. కంగారు పడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే నేనూ, పెరట్లో మునగచెట్టూ, నువ్వు అన్నం పెట్టి అలవాటు చేసిన ఆ నల్లకుక్కా.

ఉత్తరమేమిటి, ఫోన్ పాడైందా అంటావు. పాడవలేదు. ఫోన్లో మనిద్దరికీ పడటం లేదు కదా. మొన్న వీడియో కాల్లో "మొహం అలా ఉందేంటి" అని నువ్వు, "ముందు నీ చాప్టర్ సంగతి చూసుకో" అని నేను, చివరికి టప్పున పెట్టేశావు. బొబ్బిలి పిల్లని చేసుకున్నాక ఆ మాత్రం పౌరుషం భరించాలి, తప్పదు. పెళ్ళికి ముందు ఏడాదిపాటు ఉత్తరాలు రాసుకున్నాం. అందరూ నవ్వారు గానీ, ఒక్క తగువు రాలేదు. అందుకని నీ థీసిస్ అయ్యేదాకా మళ్ళీ ఉత్తరాలే. నువ్వూ రాయి.

నువ్వడిగిన రీడింగులు వేరే కాగితం మీద పెట్టాను. మన ఊరి కిడ్నీ రోగులు ఏడుగురివీ ఉన్నాయి. ప్రతి నెలా క్రియాటినిన్ పరీక్షకి వీళ్ళని బయల్దేరదీసేసరికి నా తలప్రాణం తోకకొస్తోంది. గున్నమ్మయితే వీధిలో పోయేవాళ్ళందరి ముందూ కేకేస్తుంది. "ఏటి మాస్టారూ, నా లెక్క మీ ఆవిడికి అంపినావా? నానెన్నాళ్ళుంతానో ఆ మిసను సెప్తాదంట గదా, కాసింత మంచిగా సెప్పమను!" వారం వారం సోంపేట వెళ్ళి డయాలసిస్ చేయించుకుని, తిరిగొచ్చేటప్పుడు మనవలకి జంతికలు కొనుక్కొస్తుంది. ఆవిణ్ణి చూస్తే నాకు సిగ్గేస్తుంది.

ఏడో ఆయన పేరు రాయలేదు. రాయొద్దన్నాడు. జీడితోట ఉంది, వయసు నలభై లోపు, అంతవరకు రాసుకో.

ఒక్క మాట. మా అమ్మ కోసం నువ్వు రెండేళ్ళు చదువు మానేసి ఈ ఇంట్లో కూర్చున్నావు. సోంపేట బస్సులో ఆవిణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని తిప్పావు. ఆవిడ పోయాక, ఈ జబ్బు మీదే లెక్క కడతానని పట్టుబట్టి మళ్ళీ వెళ్ళావు. ఈసారి ఎవరి కోసమూ మానకూడదు. ఎవరి కోసమైనా సరే. వేళకి తిను.

నీ
హరిచరణ్

&nbsp;

హైదరాబాదు,
జూలై 21.

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం చేతికిస్తూ మా హాస్టల్ వార్డెన్ "ఇంట్లో అందరూ క్షేమమేనా అమ్మా" అని అడిగింది. పోస్టులో ఉత్తరం వస్తే ఇప్పుడు జనానికి ముందు అదే అనుమానం. మా ఆయనకి నా మీద ప్రేమ పొంగుకొచ్చింది, అంతే అన్నాను. నీ మీద కోపం పోయింది. మొత్తం కాదు, ముప్పావు వంతు.

ఇక నీ ఏడుగురు. ఆరుగురు బుద్ధిమంతులు, ఎక్కడ మొదలుపెట్టినా లెక్క ఒకే జవాబుకి చేరుతోంది. ఏడో ఆయన మాత్రం నన్ను పీక్కుతింటున్నాడు.

నువ్వు పిల్లలకి చెప్పే సమీకరణాలు కావుగా ఇవి, నాలుగు మెట్లు దిగి జవాబు కింద గీత గీయడానికి. కిడ్నీ పాడైనకొద్దీ మిగిలిన ముక్క మీద బరువు పెరుగుతుంది, బరువు పెరిగినకొద్దీ అదీ పాడవుతుంది. ఇలాంటివాటికి సూత్రంలో వేస్తే వచ్చే జవాబు ఉండదు. ఒక ఊహతో మొదలుపెట్టి, ఎంత తప్పామో చూసుకుని, దిద్దుకుంటూ పోవాలి. కళ్ళకి గంతలు కట్టుకుని మన సముద్రపొడ్డున ఇసుకదిబ్బల మీద నడిచినట్టే. కాలికి పల్లం ఎటు తగిలితే అటు ఒక అడుగు. దిగి దిగి ఏదో గోతిలో ఆగుతాం. ఏ గోతిలో అన్నది మొదట ఎక్కడ నిలబడ్డామో దాన్నిబట్టి ఉంటుంది.

ఈయనకి రెండు గోతులున్నాయి బావా. ఒకచోట మొదలుపెడితే కిడ్నీ దెబ్బతిన్నంత దెబ్బతిని, అక్కడ నిలబడిపోతుంది. పథ్యంగా ఉంటే మనిషి ముసలివాడవుతాడు. ఇంకోచోట మొదలుపెడితే ఏడాది తిరిగేలోపు మొత్తం పోతుంది. ఇప్పటిదాకా ఉన్న రీడింగులకి రెండూ సరిపోతున్నాయి. ఇంకొక్క రీడింగు వస్తే ఏది నిజమో తేలిపోతుంది. నా చాప్టర్ కూడా ఆయన దగ్గరే ఆగిపోయింది. మార్చిలోగా థీసిస్ ఇవ్వకపోతే ఇక గడువు పెంచనన్నారు మా గైడు.

కానీ రీడింగు వచ్చేదాకా ఆయన్ని ఊరికే కూర్చోనివ్వకు. ఒంట్లో ఓపిక ఉండగానే విశాఖ వెళ్ళి చూపించుకోమను. కిడ్నీ ఎవరివ్వగలరో ఇంట్లోవాళ్ళకి ఇప్పుడే పరీక్షలు చేయించమను. అత్తయ్య విషయంలో మనం ఆలస్యం చేశాం, నీకు నేను గుర్తుచెయ్యక్కర్లేదు. ఆయనకి పెళ్ళయిందా? పెళ్ళాన్ని నాతో మాట్లాడించు, నేను చెబుతాను.

నీ
విశాలి

&nbsp;

కవిటి,
ఆగస్టు 24.

ప్రియమైన విశాలికి,

నువ్వు రాసినవన్నీ ఏడో ఆయనకి చెప్పాను. తలొంచుకుని విన్నాడు. పెళ్ళయింది. ఆవిడ కాన్పుకని పుట్టింటికి వెళ్ళిందట. ఇలాంటి సమయంలో చెబితే బెంబేలెత్తిపోతుంది, కాన్పయ్యాక నేనే చెప్పుకుంటాను అన్నాడు. బలవంతపెట్టలేకపోయాను. విశాఖ వెళ్ళడానికి మాత్రం సెప్టెంబరుకి టికెట్టు తీసుకున్నాడు.

ఆదివారమంతా నీ సమీకరణం ముందేసుకుని కాలిక్యులేటరుతో నేనూ చేశాను. నవ్వకు. ఒకప్పుడు నేనూ రీసెర్చి చేద్దామనుకున్నవాణ్ణే. మొదటి ఊహ మార్చి మార్చి చూశాను, నువ్వన్నది నిజమే, రెండు గోతులూ తగిలాయి. తర్వాతి రీడింగు మూడు పాయింట్ నాలుగుకి లోపు వస్తే చాలు, ఎక్కడ మొదలుపెట్టినా మంచి గోతిలోకే దిగుతాడని తేలింది. సరేనా పంతులమ్మా?

నిన్న రీడింగు వచ్చింది. మూడు పాయింట్ రెండు. నడిపి చూడు.

నీ
హరిచరణ్

&nbsp;

హైదరాబాదు,
సెప్టెంబరు 5.

ప్రియమైన బావా,

నిలబడింది! ఏడో ఆయన నిలబడ్డాడు!

మొదటి ఊహ ఎన్ని రకాలుగా మార్చినా లెక్క తిరిగి తిరిగి మంచి గోతిలోనే ఆగుతోంది. ల్యాబులో గట్టిగా అరిచాను, అందరూ తిరిగి చూశారు. అత్తయ్య పోయిన రోజు నుంచి ఈ లెక్క నాకు చావు కబుర్లే చెబుతోంది. మొదటిసారి ఒక మనిషి బతుకుతాడని చెప్పింది. ఏడ్చేశాను.

గీత ప్రింటు తియ్యలేదు, ఆయన కోసం గ్రాఫు కాగితం మీద నా చేత్తోనే గీశాను. చూడు, ఇక్కడిదాకా పెరిగి, ఇక్కడ ఒంగి, ఆ తర్వాత బల్లపరుపుగా ఎలా సాగిపోతోందో. ఆయనకివ్వు. పెళ్ళాం కంగారు పడాల్సిన పని లేదని చెప్పు. పుట్టే బిడ్డకి నా పేరు పెట్టమని కూడా చెప్పు.

చాప్టర్ ఇచ్చేశాను. దసరాకి నువ్వొస్తున్నావు. సాకులు వినను.

నీ
విశాలి

&nbsp;

కవిటి,
అక్టోబరు 10.

ప్రియమైన విశాలికి,

దసరాకి రాలేను. కాలేజీలో ఏదో తనిఖీ ఉందట, సెలవులివ్వటం లేదు. తిట్టుకో.

నీ గీత ఇచ్చాను. గోడకి అంటించుకున్నాడు. పొద్దున్న లేవగానే మొదట అదే చూస్తాడట. విశాఖ టికెట్టు రద్దు చేసుకున్నాడు. కాళ్ళకి కొంచెం నీరు దిగినా, అన్నం సయించకపోయినా, గోడకేసి చూస్తే ధైర్యంగా ఉంటోందన్నాడు. నీకు దణ్ణం పెట్టమన్నాడు.

ఉత్తరాలు కాస్త ఆలస్యమైతే బెంగపెట్టుకోకు. పరీక్ష పేపర్లు దిద్దాలి. నువ్వు థీసిస్ మీదే దృష్టి పెట్టు.

నీ
హరి

&nbsp;

విశాఖపట్నం,
ఫిబ్రవరి 9.

ప్రియమైన బావకి,

వార్డు తలుపుకి ఇవతల వరండాలో కూర్చుని రాస్తున్నాను. లోపలికి రోజుకొక్కసారే పంపుతున్నారు. ఆ కాసేపూ ఇద్దరం ఏడవడానికే సరిపోతోంది. నీలవేణి సిస్టరు ఈ కాగితం నీ చేతికిస్తానంది.

నువ్వు రీడింగులు పంపడం మానేశాక గున్నమ్మకి ఫోన్ చేశానని నీకు తెలుసు. ఆవిడేమందో ఇన్నాళ్ళూ చెప్పలేదు. "అదేటమ్మా, నీకు తెల్దేటి? మాస్టారు సోంపేటలో నా పక్క మంచం మీదే ఉంతన్నాడు. మనిషి సిక్కిపోనాడు. నువ్వు సదువు మీదున్నావు, సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. సెప్పీసినాను, ఏటి సేస్తాడో సేసుకోనీ" అంది. ఆవిడే ముందు ఏడ్చింది.

ఆ పూట కంప్యూటర్లో ఏడో మనిషి రీడింగులు మళ్ళీ తెరిచాను. మొన్న మేలో రీడింగు లేదు, అంతకుముందు డిసెంబరులో లేదు. మిగతా ఆరుగురికీ ఉన్నాయి. ఆ రెండు నెలలూ నువ్వు హైదరాబాదులో నా దగ్గరున్నావు. ఇంత పెద్ద అక్షరాలతో ఉంటే నాకెందుకు కనబడలేదు? వీడియో కాల్ మానిపించి ఉత్తరాలు మొదలుపెట్టింది మొహం వాపు నాకు కనబడకూడదనే కదా. కాన్పు అంటే నా థీసిసే కదా.

నువ్వు రాసిన మూడు పాయింట్ రెండు తీసేసి లెక్క నడిపాను. అప్పుడు మళ్ళీ రెండు గోతులు. సోంపేట ల్యాబులో అడిగి, ఆ రోజు నిజంగా వచ్చిన నాలుగు పాయింట్ ఏడు పెట్టి నడిపాను. ఎక్కడ మొదలుపెట్టినా ఒకే చోటికి దిగింది బావా. ఇంకెక్కడా ఆగలేదు. నా చాప్టర్ మొత్తం ఆ ఒక్క అబద్ధం మీద నిలబడింది. వెనక్కి తీసుకున్నాను. థీసిస్ ఇక ఇవ్వను. నువ్వు దేన్ని కాపాడదామనుకున్నావో అదీ లేదు.

ఇంటికెళ్ళేసరికి మన పడగ్గది గోడ మీద నా గీత ఉంది. నాలుగు మూలలా అన్నం మెతుకులు పెట్టి అంటించావు.

నన్ను మోసం చేశావు, అది నాకర్థమవుతుంది. మానుకోమన్నా మానుకోవు. కానీ ఆ అంకె అబద్ధమని ఈ భూమ్మీద తెలిసినవాడివి నువ్వొక్కడివే. పిల్లలకి లెక్క అబద్ధం చెప్పదని నేర్పేవాడివి. నువ్వెలా నమ్మావు బావా? విశాఖ టికెట్టు ఎలా రద్దు చేసుకున్నావు?

నిన్న డాక్టరుగారు పిలిచారు. నా కిడ్నీ నీకు సరిపోతుందట. ఒక్క క్షణం నా కాళ్ళు నేల మీద లేవు. ఆ వెంటనే చెప్పారు, నీ గుండె ఇప్పుడు ఆపరేషన్ తట్టుకోలేదట. "సెప్టెంబరులో వచ్చుంటే" అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశారు. అప్పుడూ నేనున్నాను, నా కిడ్నీ ఉంది. నేను హైదరాబాదులో కూర్చుని, నువ్వు బతుకుతావని గీతలు గీస్తున్నాను.

నీ మీద చాలా కోపంగా ఉంది. నువ్వు లేకుండా ఈ కోపం ఎవరి మీద చూపించుకోవాలో తెలియటం లేదు.

నీ
విశాలి

&nbsp;

విశాలీ,

అక్షరాలు వంకర పోతున్నాయి, కూడబలుక్కుని చదువు.

ఎలా నమ్మావన్నావు. మొదటి రోజు నమ్మలేదు. నువ్వు చాప్టర్ ఇచ్చేస్తే చాలు, నేనెలాగూ విశాఖ వెళ్తున్నానుగా అనుకున్నాను. తర్వాత నీ గీత వచ్చింది. గోడకి పెట్టుకున్నాను. రోజూ చూసేవాణ్ణి. అంకె నాదే, దొంగదే. కానీ గీత నువ్వు గీసింది. నీ చేత్తో గీసింది తప్పెలా అవుతుందిలే అనిపించేది. నువ్వు తప్పు లెక్క చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

ఎక్కడ మొదలుపెట్టినా ఒకే చోటికి దిగుతోందన్నావు. తెలుసు. నేనూ పడుకుని మనసులో చేస్తూనే ఉన్నాను.

ఒక్కసారి ఆ మూడు పాయింట్ రెండు మళ్ళీ పెట్టి నడపవూ? గీత గీసి నీలవేణి సిస్టరు చేత పంపు. ఇక్కడ నా ఎదుట గోడ ఖాళీగా ఉంది. రేపు పెట్టే అన్నంలోంచి నాలుగు మెతుకులు దాచి ఉంచుతాను.

నీ
బావ